ఆదాయం దగ్గర సున్నా రాసిన పిల్ల

ఈ మధ్య మా గల్లీలో ఒక అమ్మాయికి, పక్క గల్లీలో ఒక అబ్బాయికి రెవెన్యూలో ఉద్యోగాలొచ్చాయి. ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చి, ఇన్నేండ్లు చేసిన్రు కదా సార్, మాకు నాలుగు మాటలు చెప్పండ్రి అన్నారు. టీ తాగించి, పై అధికారితో ఎట్లా మెలగాలో, ఫైలు పోకుండా ఎట్లా చూసుకోవాలో చెప్పి పంపించాను. వాళ్లు మెట్లు దిగి పోయాక నాకే సిగ్గనిపించింది. ఆ మాటలు ఎవరైనా చెప్తారు. నేను చెప్పాల్సింది వేరే ఉండె. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పే ధైర్యం లేక ఇట్లా రాస్తున్నాను.

విచారణ అంటే ఏంది

నేను గిర్దావరుగా రిటైరైన మనిషిని. ఉత్తర్వుల్లో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ అని ఉంటుంది గానీ, ఎల్బీనగర్ చుట్టుపక్కల పెద్దవాళ్లు ఇప్పటికీ గిర్దావరు సారనే అంటారు. భూముల తగాదాలు, చెరువుల కబ్జాలు నేనూ చూశాను. వాటి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను రాసేది ఆదాయం సర్టిఫికెట్టు గురించి. ఆఫీసులో అందరూ చిన్నచూపు చూసే పని అది. మీరు చేరిన మొదటి వారంలోనే మీ నెత్తిన పెట్టే పని కూడా అదే.

పిల్లలకు కాలేజీలో సీటు వచ్చి, ఇంటి ఆదాయం పరిమితి లోపల ఉంటే ఫీజు ప్రభుత్వం కడుతుంది. ఆదాయం ఎంతో తేల్చేది మేము. పిల్లలు ఆన్‌లైన్ సెంటర్‌లో దరఖాస్తు పెడతారు. గిర్దావరు ఇంటికి పోయి చూసి రిపోర్టు రాయాలి. దాని మీద తహసీల్దారు సంతకం పెట్టాలి. అది రూలు. అడ్మిషన్ల కాలంలో వచ్చే దరఖాస్తులకు ఎవరింటికని పోతాం? కుర్చీలో కూర్చునే 'విచారించితిని' అని రాసేవాళ్లం. నేనూ రాశాను.

నా మొదటి తహసీల్దారు ముసలాయన. మాట కటువు. సంతకం పెట్టేముందు ఆ ఇంట్ల పొయ్యి చూసి రావాలె అనేవాడు. ముందు గది చూస్తే మోసపోతవు, పొయ్యి చూస్తే మోసపోవు అనేవాడు. ఆయన ఉన్నన్ని రోజులు స్కూటర్ మీద తిరిగి పొయ్యిలు చూశాను. ఆయన బదిలీ అయ్యాక మానేశాను. ఎవరూ అడగలేదు.

మానేస్తే ఏమవుతుందో ఒక్కటి చెప్తాను. కొత్తపేటలో మూడంతస్తుల ఇంటాయన ఒకరు కొడుకు కోసం దరఖాస్తు పెట్టాడు. అదే ఇంట్లో కింద గదిలో కిరాయికున్న ఆటో డ్రైవరు కూతురి కోసం పెట్టాడు. డ్రైవరు రోజుకు ఎంతొస్తుందో ఉన్నదున్నట్టు రాశాడు. ఏడాదికి లెక్కగడితే పరిమితి దాటింది. ఇంటాయన తనకు వ్యవసాయ కూలీ తప్ప ఏమీ లేదని రాశాడు. ఇంటాయన కొడుక్కి సర్టిఫికెట్టు వచ్చింది. డ్రైవరు కూతురికి రాలేదు. రెండింటి మీదా రిపోర్టు నాదే. నాకు ఈ సంగతి తెలిసింది ఎప్పుడంటే, ఆ డ్రైవరు ఆటోలో నేను మూసారాంబాగ్ దాకా పోయిన రోజు. ఆయన నన్ను గుర్తుపట్టి చెప్పాడు. తిట్టలేదు. నేను దిగేటప్పుడు చిల్లర సరిగ్గా ఇచ్చి పోయాడు.

ఈ కథ నేను చాన్నాళ్లు నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు చెప్పను.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ వంటగది

నాకు రిటైర్మెంటు ఇంకా ఏడాదిన్నర ఉండగా రేణుక అనే అమ్మాయి దరఖాస్తు వచ్చింది. నర్సింగు కాలేజీలో సీటు. తండ్రి పేరు యాదగిరి. ఆదాయం దగ్గర సున్నా. ఆన్‌లైన్ సెంటర్ వాళ్లు తప్పు కొట్టారనుకుని పిలిపించాను.

పందొమ్మిదేండ్ల పిల్ల. సన్నగా, నూనె పెట్టి గట్టిగా వేసుకున్న జడ. తప్పేం లేదు సార్, నేనే సున్నా రాయమన్న అంది. తండ్రి ఏం చేస్తాడని అడిగాను. రెండు డీసీఎం బండ్లున్నాయి, నల్లగొండ నుంచి బత్తాయిలు బాటసింగారం మార్కెట్టుకు తోలుతాడు అంది. మరి సున్నా ఎట్లా అంటే, అది ఆయన ఆదాయం సార్, నాకేం లేదు, నేను వేరే ఉంటున్న అంది.

"మరి ఏం తిని బతుకుతున్నవ్ బిడ్డా?"

"వచ్చి చూడండ్రి సార్" అంది.

అట్లా అడిగినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. మర్నాడు పొద్దున పోయాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆడపిల్లల హాస్టల్. నడిపేది పద్మావతమ్మ గారని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆవిడ. వంటగది నేల మీద రేణుక కూర్చుని వంకాయలు కోస్తోంది. పక్కన గంప నిండా ఉన్నాయి. పొద్దున కూరగాయలు, రెండు పూటలా చపాతీలు ఆ పిల్ల పని. బదులుగా తిండి, స్టోర్‌రూములో బియ్యం బస్తాల పక్కన ఒక మంచం. చేతికి పైసలు లేవు. పరీక్షల రోజుల్లో పద్మావతమ్మ గారే పని చెప్పేది కాదట.

ఆమెను అడిగాను. "బంగారం లాంటి పిల్లండీ. ఎవ్వరూ రారు, ఎవ్వరూ ఫోన్ చెయ్యరు. వాళ్ల అమ్మ ఒక్కసారి బస్టాప్ దాకా వచ్చి సర్టిఫికెట్లు, దుప్పటి ఇచ్చి పోయింది, అంతే" అంది. అదే ఒక ముక్క రాసివ్వమన్నాను. ఆమె మొహం మారిపోయింది. తన హాస్టల్‌కే అన్ని పర్మిషన్లు లేవని, కాగితం మీద తన పేరు వద్దని బతిమాలింది. నేను బలవంతం చెయ్యలేదు.

ఇల్లెందుకు విడిచిపెట్టావని రేణుకను అడిగాను. కత్తిపీట పక్కకు జరిపి చెప్పింది.

ముందు ఏడాది ఇంటర్ సెలవులకు ఊరికి పోయి, తండ్రి డీసీఎంలోనే పట్నం తిరిగి వస్తోంది. డ్రైవరు రాకపోతే అన్న శ్రీకాంత్ నడిపాడు. ఆ బండి నడపడానికి అతనికి లైసెన్సు లేదు. తెల్లవారుతుండగా హైవే మీద రోడ్డు ఊడ్చే ఆమెకు బండి తగిలింది. అన్న ఆపలేదు. రేణుక అరిచి గొడవ చేస్తే కొంత దూరం పోయాక ఆపాడు. ఈమె దిగి వెనక్కి ఉరికింది. అన్న బండి తీసుకుని మార్కెట్టుకు పోయాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఈ పిల్ల ఒక్కతే రోడ్డు మీద ఆ మనిషి దగ్గర కూర్చుంది. ఆమె రేణుక చెయ్యి పట్టుకునే ఉండి, అట్లాగే ప్రాణం విడిచింది.

ఇంట్లోవాళ్లు పాత డ్రైవరును ఒప్పించి అతనే నడిపాడని స్టేషన్‌లో చెప్పించారు. పోలీసులు అడిగినప్పుడు రేణుక మాత్రం అన్నే నడిపాడని చెప్పింది. కేసు శ్రీకాంత్ మీద పడింది. ఆమె మాట తప్ప గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. తండ్రి ఆ రోజే ఇంటి నుంచి వెళ్లగొట్టాడు.

ఇంత చెప్పి నన్ను ఒక మాట అడిగింది. "కోర్టుల సాక్ష్యం చెప్పేటందుకు నేనొక్కదాన్నే చాలు సార్, మేజర్‌నన్నరు. స్కాలర్‌షిప్పుకు మాత్రం మా నాయిన కావాల్నా?"

 

సారు వాపసు చేసిన రిపోర్టు

ఆ సాయంత్రం ఆఫీసుకు వచ్చి రిపోర్టు రాశాను. దరఖాస్తుదారు తండ్రి నుంచి వేరుగా ఉంటోంది, తండ్రి పోషణ లేదు, సొంత ఆదాయం లేదు, నేను స్వయంగా చూశాను అని. ఏండ్ల తర్వాత చూసి రాసిన రిపోర్టు. నిజం చెప్పాలంటే గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడే తహసీల్దారు నన్ను లోపలికి పిలిచాడు. చెడ్డవాడు కాదు. చెయ్యి చాచేవాడు అంతకంటే కాదు. అంతకు ముందు వేరే మండలంలో ఒకామెకు భర్త విడిచిపెట్టాడని సర్టిఫికెట్టు ఇచ్చాడు. ఆమె భర్తతోనే ఉందని తర్వాత ఎవరో ఫిర్యాదు చేశారు. దాని మీద విచారణ నడిచి ఆయన ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి ఆయన కాయితం మీద ఉన్నదాన్ని తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు.

"తండ్రి బతికున్నడు. పిల్లకు పెండ్లి కాలే. రేషన్ కార్డుల పేరున్నది. ఆమె వేరే కుటుంబం ఎట్లైతది?" అన్నాడు. నేను చూసి వచ్చిన వంటగది గురించి చెప్పాను. మొత్తం విన్నాడు. "సున్నా ఆదాయం మనిషికి ఉండదయ్యా. రేపు ఆడిట్ల అడిగితే వంకాయల గంప చూపిస్తవా? తండ్రి దగ్గర స్టేట్‌మెంటు తీసుకురా, అప్పుడు చూద్దాం" అని వాపసు ఇచ్చాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. రూలు అట్లాగే ఉంది. పెండ్లయితే భర్త ఆదాయం, కాకపోతే తండ్రిది. తండ్రి చనిపోతే దానికొక కాయితం ఉంది. తండ్రి బతికుండి వద్దన్న పిల్లకు ఏ కాయితమూ లేదు.

ఆఫీసు బయట జిరాక్స్ షాపు దగ్గర ఉండే ఏజెంటు ఈ సంగతి విని రేణుకకు దారి చెప్పాడట. ఊళ్లో తెలిసిన ముసలామె ఎవరినైనా పట్టుకుని ఆమె దగ్గర పెరుగుతున్నానని రాయించు, తండ్రి ఎక్కడున్నాడో తెలియదని చెప్పు, రెండు రోజుల్లో పని అయితది అన్నాడు. అతని మాట నిజమే. అట్లాంటివి నేనే ఎన్నో పాస్ చేశాను. రేణుక ఒప్పుకోలేదు. ఒక్క నిజం చెప్పినందుకు ఇల్లు పోయింది సార్, ఇప్పుడు అబద్ధమే రాస్తే ఆ రోజు ఎందుకు చెప్పినట్టు అంది నాతో.

ఇక్కడ నేను చేయగలిగింది ఒకటుండె. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. నా రిపోర్టు నకలు ఆమె చేతికిచ్చి, పోయి పై సారుకు చూపించు అనవచ్చు. లేదా సంతకం ఎందుకు పెట్టరో రాతపూర్వకంగా ఇవ్వండి అని తహసీల్దారునే అడగవచ్చు. పని అయ్యేదో కాదో చెప్పలేను. కానీ నేను ఆ దారి పోలేదు. పోతే మా సారు మీద ఫిర్యాదు చేసినట్టవుతుంది. నా పెన్షన్ కాయితాలు ఆయన టేబుల్ మీదుగానే పోవాలి. ఇది తప్ప ఇంకో కారణం లేదు. తండ్రి దగ్గరికి పోతే అన్నీ సర్దుకుంటాయని నాకు నేను చెప్పుకుని, మంచి పని చేస్తున్న మనిషిలాగా బండెక్కి బాటసింగారం పోయాను.

బాటసింగారంలో యాదగిరి

పండ్ల మార్కెట్టులో యాదగిరిని కనుక్కోవడం కష్టం కాలేదు. బత్తాయిల కుప్పల మధ్య తువ్వాల భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. నేను కోపిష్టి మనిషిని ఊహించుకుని పోయాను. ఆయన ఖాళీ డబ్బా ఒకటి తుడిచి, కూసోండ్రి సార్ అన్నాడు. కూతురి పేరు చెప్పగానే మొదట అడిగిన మాట, తింటున్నదా అని.

అన్నీ చెప్పాను. ఆయన చాలాసేపు కాయలు ఏరుతూ విన్నాడు. తర్వాత చెప్పాడు.

"పిల్ల అబద్ధం చెప్పిందని నేనంటలేను సార్. వాడే నడిపిండు. కానీ నాకు కొడుకొక్కడు. వాడు జైలుకు పోతే చచ్చిపోయినామె తిరిగొస్తదా? ఒక్క మాట మార్చుకొమ్మను. నిద్రపోయిన, చూడలే అని చెప్పమను. ఇంటికి రమ్మను. ఫీజు నేను కడ్త, మీ సర్టిఫికెట్టు ఎందుకు?"

వేరుగా ఉంటోందని, పోషణ లేదని రాసివ్వమని అడిగి చూశాను. నా బిడ్డను నేను వద్దనుకున్నట్టు నా చేత్తో రాయను అన్నాడు. కండ్లల్లో నీళ్లు తిరిగాయి ఆయనకు. ఇంట్లోకి రానియ్యని మనిషే ఆ మాట అన్నాడు, నిజంగానే అన్నాడు. ఈ ఉద్యోగంలో మీరు చూడబోయేది చాలావరకు ఇట్లాంటి మనుషులనే. దుర్మార్గుల కోసం వెతక్కండి, తక్కువ దొరుకుతారు.

నేను చెప్పిన మాట

కాలేజీలో చేరడానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. కోర్టులో ఆమె సాక్ష్యం ఆ పై నెల. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆలోచించాను. ఆలోచించాను అనుకున్నాను. ఏం చెప్పాలో నా మనసులో అప్పటికే ఖరారైపోయింది.

హాస్టల్ మెట్ల మీద కూర్చుని రేణుకకు తండ్రి మాట చెప్పాను. అప్పుడు నేను పెద్దమనిషిలా మాట్లాడాను. జీవితం చానా పెద్దది బిడ్డా అన్నాను. పోయినామె ఎట్లా తిరిగి రాదు. నువ్వు నర్సువైతే ఎంతమందినో కాపాడుతవు అన్నాను. ఈ సీటు పోతే మళ్లీ వస్తదో రాదో అన్నాను. నిద్రపోయిన అనుడే కదా, ఒక్క మాట అన్నాను. ఈ చివరి మాట యాదగిరిది. నేను నా నోటితో మళ్లీ చెప్పాను.

ఆమె తన అరచేతి దిక్కు చూసుకుంటూ అడిగింది. "మీ బిడ్డైతే గిట్లనే చెప్తరా సార్?"

చెప్తానన్నాను. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నా కూతురికి అట్లాంటి రోజు రాలేదు.

మూడో రోజు ఆమె బాటసింగారం పోయింది. నేనూ పోయాను, దరఖాస్తు మూసెయ్యడానికి ఒక స్టేట్‌మెంటు కావాలి కదా. బత్తాయిల డబ్బా మీద కాయితం పెట్టి నేనే రాశాను. 'నా కూతురు రేణుక నా పోషణలోనే ఉన్నది. ఆమె చదువు ఖర్చు నేనే భరించుచున్నాను. నా ఆదాయం పరిమితికి మించి ఉన్నది.' యాదగిరి సంతకం పెట్టాడు. తహసీల్దారు దాన్ని చూసి, చూసినవా, తండ్రీబిడ్డల గొడవలు గింతే, నాలుగు రోజుల్ల కలిసిపోతరు అన్నాడు. దరఖాస్తు తిరస్కరించినట్టు కంప్యూటర్లో కొట్టి, ఆ కాయితం దానికి జోడించారు. నా పెండింగులో ఒకటి తగ్గింది.

పై నెల కోర్టులో రేణుక నిద్రపోయానని చెప్పింది. నేను పోలేదు. పద్మావతమ్మ గారు తోడు పోయిందట. ఆమె తర్వాత కూరగాయల మార్కెట్టులో కలిసినప్పుడు చెప్పింది. "పిల్ల చెప్పేసి బయటికొచ్చిందండీ. చనిపోయినామె భర్త వరండాలో నిలబడున్నాడు. ఈ పిల్ల దగ్గరికెళ్లి దండం పెట్టాడు, అప్పుడు అంబులెన్స్‌కి ఫోన్ చేసింది నువ్వే కదమ్మా అని. ఆయన బయటే ఉన్నాడు, లోపల ఏం చెప్పిందో తెలీదు పాపం."

కేసు కొట్టేశారు.

రెండోసారి

రేణుక కాలేజీలో చేరింది. మొదటి ఏడాది ఫీజు, కాలేజీ హాస్టల్ డబ్బులు తండ్రి కట్టాడు. మాట తప్పే మనిషి కాదు. ఏడాది ముగుస్తుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. బండ్లు, మార్కెట్టు అన్నీ శ్రీకాంత్ చేతికి వచ్చాయి. రెండో ఏడాది ఫీజు అడిగితే, నన్ను జైలుకు పంపబోయినదానికి నేనెందుకు కట్టాలె అన్నాడు. తల్లి మధ్యన పడి ఏడ్చింది గానీ ఆమె చేతిలో ఏముంది. రేణుక మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. స్టోర్‌రూములో మంచం వేరే పిల్లకు ఇచ్చేశారు. పద్మావతమ్మ గారు వంటగది పక్కనే చోటు చూపించింది.

మళ్లీ దరఖాస్తు పెట్టింది. మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఆదాయం దగ్గర మళ్లీ సున్నా.

ఈసారి నేను హాస్టల్ వంటగదికీ, వాళ్ల ఊరికీ పోయి చూసి వచ్చాను. పాత రిపోర్టు కంటె గట్టిగా రాశాను. తండ్రి ఆస్పత్రి కాయితాలు జోడించాను. అప్పటికి తహసీల్దారు మారి, చిన్న వయసు మేడమ్ ఒకామె వచ్చింది. చురుకైన మనిషి, ఓపికగా చదివింది. చదివి, కంప్యూటర్లో వెనకటి దరఖాస్తు తీసింది.

"ఇది మీ చేతి రాతే కదా సార్?" అంది.

స్క్రీను మీద నా అక్షరాలు. తండ్రి పోషణలోనే ఉన్నది. నా ఆదాయం పరిమితికి మించి ఉన్నది. కింద యాదగిరి సంతకం.

అప్పుడు జరిగింది వేరే అని చెప్పబోయాను. ఏమని చెప్పాలి? కోర్టులో మాట మార్చుకుంటే ఫీజు కడతానన్నాడు, ఆ బేరం నేనే కుదిర్చాను అనాలి. అనలేకపోయాను. ఏడాది కింద తండ్రి పోషణలో ఉన్న పిల్ల ఇప్పుడు కుటుంబమే కాదని ఎట్లా రాస్తాం సార్, బండ్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉన్నాయి కదా అంది మేడమ్. కొత్త స్టేట్‌మెంటు తీసుకురండి అంది. మాట పోయి, చెయ్యి పడిపోయిన మనిషి దగ్గర ఏం స్టేట్‌మెంటు తీసుకొస్తాను? శ్రీకాంత్‌కు ఫోన్ చేస్తే మధ్యలోనే పెట్టేశాడు.

తిరస్కరించారని చెప్పడానికి రేణుకను పిలిపించాను. మధ్యాహ్నం భోజనాల వేళ, ఆఫీసులో ఎవరూ లేరు. ఈసారి కలెక్టరాఫీసుకు నేనే తీసుకుపోతానన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడానికి ఏడాది పట్టింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆడ అన్నీ అడుగుతరు సార్. కోర్టుల ఏం చెప్పినవ్ అని గూడ అడుగుతరు. పోయినసారి మీ ముందర కూసున్నప్పుడు నాకు ఏం లేకున్నా భయం లేకుండె. ఎవలు ఏం అడిగినా చెప్పేదాన్ని. ఇప్పుడు ఒద్దు సార్."

లేచి, కుర్చీ మళ్లీ ముందుకు జరిపి పెట్టి పోయింది. అవతల నాలుగు నెలలకు నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, పేద విద్యార్థుల పాలిట దేవుడు అని ఒకాయన మైకులో అన్నాడు. నేను చేతులు జోడించి కూర్చున్నాను.

కొత్తగా చేరేవాళ్లకు

మీకు ఏం చెప్పాలి? పొయ్యి చూసి రండి అని మా ముసలి సారు చెప్పిందే చెప్తాను, కానీ అది చాలదు. నేను రెండుసార్లూ చూసే వచ్చాను. చూసింది రాయడం కూడా చాలదు. రాసిన రిపోర్టు వాపసు వచ్చిన రోజు మీరేం చేస్తారన్నదే ఈ ఉద్యోగం. ఎందుకు వాపసు చేశారో రాతలో అడగండి. మీకు నష్టం జరుగుతుంది. జరగదని నేను చెప్పను. మీ సంతకం పరిధిలో లేని పనికి పెద్దమనిషి వేషం వెయ్యకండి. చెయ్యలేనప్పుడు నాతో కాదమ్మా అని చెప్పండి, ఆ పిల్ల ఇంకో తలుపు కొట్టుకుంటుంది. నేను నా తలుపు మూసిందే కాక, ఆమెను పట్టుకుపోయి తప్పుడు తలుపు ముందు నిలబెట్టాను.

రూలు మారుతుందా అని అడుగుతారు. నేను ఉన్నన్ని రోజులు మారలేదు. తల్లిదండ్రులు బతికుండీ ఒంటరిగా ఉన్న పిల్లలు ప్రతి ఏడూ వస్తారు. ఒకరో ఇద్దరో ఉంటారు గుంపులో, అందరికంటె వెనక. మీరు కుర్చీలోంచి లేవకపోతే కనిపించరు.

పోయిన నెల మా ఇంటామెతో చీర కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ పోయాను. పెద్ద షాపు, రెండో అంతస్తు. కౌంటరు అవతల రేణుక నిలబడి ఉంది. షాపు వాళ్లిచ్చిన యూనిఫాం చీర, ఛాతీ మీద పేరు బిళ్ల. నన్ను చూసింది. ఆమె మా ఆవిడ దిక్కు తిరిగి, ఏం చూపియ్యమంటరమ్మా అంది.

అరగంట సేపు ఒక్కొక్కటే విప్పి చూపించింది. విసుక్కోలేదు. మా ఆవిడకు ఆ పిల్ల నచ్చింది. మాటల్లో పెట్టి ఏ ఊరు, ఎక్కడుంటవ్ అని అడిగింది. అన్నిటికీ బదులు చెప్పింది. ఏం చదువుకున్నవ్ బిడ్డా అని మా ఆవిడ అడిగింది.

రేణుక విప్పిన చీర అంచులు కలిపి, మడత పెడుతూ, "ఇంటర్ అమ్మా" అంది.